శిరోదీప శాస్త్రం: జేబు ఖండం

మన దగ్గర శాస్త్రాలకు కొదవ లేదు. బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగం చివరి పేజీల్లో పట్టిక వేసి ఉంటుంది. తుమ్ముకి శాస్త్రం ఉంది, పుట్టుమచ్చకి ఉంది, కాకి అరుపుకి ఉంది. మనిషి పొద్దున్నే చొక్కా తొడుక్కుని గడప దాటేముందు జేబులో ఏం పెట్టుకోవాలో మాత్రం ఏ పండితుడూ చెప్పిన పాపాన పోలేదు. ఆ లోటులో కొంత భాగం, అంటే నిత్యం జేబులో ఉండవలసిన చిన్న తల లైటుకి సంబంధించినంత మేరకు, ఈ గ్రంథం పూడుస్తుంది. మిగతా జేబు సంగతి భావి పండితులు చూసుకుంటారు.

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అన్న నాలుగూ చెప్పకపోతే పెద్దలు పుస్తకం తెరవరు. విషయం: ముప్పై నలభై గ్రాముల బరువుండి, సాగే పట్టీతో నుదుటికి తగిలించుకునే లైటు. ప్రయోజనం: రెండు చేతులూ పనికి మిగలడం. సంబంధం: పగలు జేబుతో, రాత్రి నుదుటితో. అధికారి: జేబు ఉన్న ప్రతి మనిషీ. ఈ నాలుగోదాని దగ్గరే శాస్త్రం మొదటి చిక్కులో పడుతుంది. పంచె కట్టినవాడికి జేబు లేకపోయినా రొంటి ఉంది కాబట్టి అతనికి అధికారం ఉన్నట్టే. ఆడవాళ్ళ బట్టలకి జేబు కుట్టడం మాత్రం మన దర్జీలకి మహాపాతకంగా తోస్తుంది. చీకట్లో గ్యాస్ సిలిండర్ మార్చేదీ, అర్ధరాత్రి పిల్లవాడి జ్వరం మందు వెతికేదీ వాళ్ళే. వాళ్ళ లైటు హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది, హ్యాండ్‌బ్యాగు బీరువాలో ఉంటుంది. ఈ అన్యాయం దర్జీ శాస్త్రం కిందికి వస్తుంది గనక ఇక్కడ దానికి విస్తరం లేదు.

ఈ విద్యకి పూర్వాచార్యులు లేకపోలేదు. అందరూ దొంగలే.

దండి దశకుమారచరితంలో అపహారవర్మ చంపానగరంలో కన్నం వెయ్యడానికి బయల్దేరుతూ వెంట ఏమేం పట్టుకెళ్ళాడో కవి వరసగా చెబుతాడు. తవ్వే పనిముట్టు, పట్టకారు, మనిషి తల బొమ్మ, కొలతాడు, మోకు, దీపం పెట్టుకునే పాత్ర, తుమ్మెదల పెట్టె. ఈ చివరిదే అసలైన తెలివి: తన దీపం తన దగ్గర ఉంటుంది, కన్నం వేసిన ఇంట్లో వెలిగే దీపాన్ని తుమ్మెదలు ఆర్పేస్తాయి. వెలుతురు తనకి ఉండాలి, ఎదుటివాడికి ఉండకూడదు. ఈ కథల్ని పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకి అంకితమిచ్చాడు. కాబట్టి జేబు సామాను జాబితా మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. మృచ్ఛకటికంలో శర్విలకుడైతే ఇంకో మెట్టు పైకి వెళ్ళాడు. చారుదత్తుడి ఇంటి గోడకి కన్నం వేసే వేళ కొలతాడు తెచ్చుకోలేదని గుర్తొచ్చింది. వెంటనే జంధ్యం తీసి కొలిచాడు. కొలతకే కాదు, నగలు ఊడదీయడానికి, తలుపు గడియ లాగడానికి, పురుగూ పామూ కరిస్తే పైన కట్టుకట్టడానికీ జంధ్యం పనికొస్తుందని అక్కడే చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఒంటి మీద ఎప్పుడూ ఉండే వస్తువు విలువ ఏమిటో అతనికి తెలిసినంతగా సద్బ్రాహ్మణులకి తెలియదు. మన శాస్త్రంలోని మొదటి సూత్రం అతని అనుభవంలోంచే పుట్టింది.

జేబులో లేనిది ఇంట్లో ఉన్నా లేనట్టే.

దీనికి భాష్యం. ప్రతి ఇంట్లోనూ టార్చిలైటు ఉంటుంది. అది టీవీ కింద సొరుగులో, పనిచెయ్యని రిమోట్లు, ఎవరివో గుర్తులేని తాళంచెవులు, జరిగిపోయిన పెళ్ళిళ్ళ శుభలేఖల అడుగున ఉంటుంది. కరెంటు పోతే దాన్ని వెతకాలి. వెతకాలంటే వెలుతురు కావాలి. వెలుతురు కావాలంటే అది దొరకాలి. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. ఇంటి ఇల్లాలు అనే మాటలు గ్రంథానికి ఎక్కవు. తీరా దొరికాక మీట నొక్కితే వెలగదు. మూత తిప్పి చూస్తే సెల్లు కారి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. కారని సెల్లు వేసి సొరుగులో పెడితే చాలు కదా అనే వాదం ఉంది గానీ, అలాంటి సెల్లు సొరుగులో ఎక్కువ రోజులు ఉండదు. గోడ గడియారంలోకి వెళ్ళిపోతుంది.

నిజానికి కరెంటు పోగానే తెలుగు మనిషి చేసే మొదటి పని దీపం వెతకడం కాదు, కిటికీలోంచి ఎదురింటివైపు చూడటం. "అందరికీ పోయిందా, మనకేనా?" అన్న ప్రశ్నలో ఉన్న తర్కం గౌతముడి న్యాయానికి ఏమీ తీసిపోదు. అయిదు అవయవాలూ ఉన్నాయి. ప్రతిజ్ఞ: మన ఫ్యూజే పోయింది. హేతువు: ఎదురింట్లో టీవీ మోగుతోంది గనక. ఉదాహరణ: ఎప్పుడెప్పుడు చీకటి మనకి మాత్రమే వస్తుందో అప్పుడల్లా ఫ్యూజు పోవడమే, పోయిన శ్రావణమాసంలో చూడలేదూ. ఉపనయం: ఇప్పుడూ అంతే. నిగమనం: కాబట్టి స్టూలు పట్రా. ఇంత పకడ్బందీ అనుమానాన్ని ఒక్క హేత్వాభాసం కూలదోస్తుంది. ఎదురింటివాళ్ళకి ఇన్వర్టర్ ఉంది.

చీకటి ఒక వస్తువా, లేక వెలుతురు లేకపోవడమేనా అన్న తగువు కూడా పాతదే. నల్లగా కనిపిస్తుంది, కదులుతుంది, కాబట్టి వస్తువేనని భాట్ట మీమాంసకులు. వెలుతురు లేకపోవడమే చీకటి, దానికి వేరే ఉనికి లేదని నైయాయికులు. మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవ్యాలు తొమ్మిదేనని చెప్పి, దానికి తనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో చీకటిని పదోదిగా చేర్చనక్కర్లేదని వాదించాడు. మెట్ల మీద మోకాలి చిప్ప పగిలినవాణ్ణి అడిగితే మీమాంసకుల పక్షం మాట్లాడతాడు. తగిలింది మెట్టే గాని చీకటి కాదు కదా నాయనా అని నైయాయికుడు ఓదారుస్తాడు. మన శాస్త్రం ఈ తగువులో తలదూర్చదు. తల మీద లైటు ఉన్నవాడికి రెండు పక్షాలూ ఒకటే.

ఇక పూర్వపక్షం. "ఫోనులో టార్చి ఉండగా ఇంకో లైటెందుకు?" అని ఆధునికులు అడుగుతారు. అపార్టుమెంటు సంపులోకి తొంగిచూసే మనిషిని గమనించండి. ఒక చేత్తో మూత ఎత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో ఫుట్‌వాల్వు తాడు లాగాలి. ఫోను ఎక్కడ? చొక్కా పైజేబులో పెడితే లైటు అతని గడ్డానికి కొడుతుంది. వంగితే ఫోను నీళ్ళలో. పళ్ళతో కరిచి పట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఆ భంగిమలో ఉండగా ఫోను మోగితే, అందులోనూ చేసింది మామగారైతే, సంపు విషయం ఆయనకి పళ్ళ సందుల్లోంచే తెలియాలి. పైగా ఫోను లైటు వెలిగించుకుంటే ఫోను ఛార్జింగు తరుగుతుంది. చీకట్లో చిక్కుకున్నవాడికి లైటు ఎంత అవసరమో, "నేను లిఫ్టులో ఇరుక్కున్నాను" అని చెప్పుకోవడానికి ఫోను అంతకంటే అవసరం. పూర్వపక్షం ఓడింది.

ఇప్పుడు శాస్త్రంలోని అతి ముఖ్యమైన ప్రకరణానికి వస్తున్నాం: దీపధారి పదవి.

తల లైటు రాకముందు రాత్రిపూట చేసే ప్రతి పనికీ ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. ఒకడు పనివాడు, రెండోవాడు లైటు పట్టేవాడు. ఇంట్లో ఈ రెండో పదవి సాధారణంగా పెద్ద కొడుక్కి దక్కేది. తండ్రి స్టూలెక్కి, ఫ్యూజు క్యారియర్ బయటికి లాగి, మాడిన తీగ ముక్క గోటితో గీకి తీసి, కొత్త తీగ స్క్రూ చుట్టూ తిప్పుతూ ఉంటాడు. కింద కొడుకు మూడు సెల్లుల టార్చి పైకెత్తి నిలబడతాడు. కొంతసేపటికి చెయ్యి లాగుతుంది, వెలుగు మెల్లగా పక్కకి జారుతుంది. గోడ మీద బల్లి ఒకటి పురుగుకి గురి చూస్తూ కనిపిస్తుంది.

"ఒరే, ఎక్కడ కొడుతున్నావురా లైటు?"

"ఇక్కడే నాన్నా."

"ఇక్కడంటే ఎక్కడ? నా చెయ్యి మీద కాదు, తీగ మీద! ఒక్క పని సక్రమంగా చెయ్యడు వెధవ."

చూసేవాడి చూపు ఎటు పోతోందో పట్టేవాడికి తెలియదు. పట్టేవాడి చూపు పనివాడికి అక్కర్లేదు. లోకంలో ఇద్దరు మనుషుల మధ్య ఇంతకంటే పెద్ద అపార్థం లేదు. అయితే ఈ పదవికి ఒక గుణం ఉండేది. ఫ్యూజు వెయ్యడం ఆ పిల్లవాడు అలా నిలబడే నేర్చుకున్నాడు, తిట్లు కూడా. ఇప్పుడు తండ్రి నుదుటికే లైటు ఉంది, కొడుకు గదిలో ఉన్నాడు, ఫ్యూజుల బదులు ఎంసీబీలు వచ్చాయి. నైపుణ్యాల పరంపర ఎక్కడ తెగిందో విద్యావేత్తలు ఎక్కడెక్కడో వెతుకుతున్నారు.

ఈ పదవిని ఇంటి బయట చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాజుగారు పల్లకీలో వెళ్తే ముందు దివిటీ పట్టినవాడు నడిచేవాడు. తోవ చూడవలసిన అవసరం రాజుగారికి లేదు, బోయీలకి ఉంది. ముఖం కనిపించవలసిన అవసరం బోయీలకి లేదు, రాజుగారికి ఉంది. దివిటీవాడికి రెండూ లేవు, చెయ్యి కాలకుండా ఉంటే చాలు. తర్వాత జర్మనీ నుంచి పెట్రోమాక్సు వచ్చింది. పెళ్ళి ఊరేగింపుల్లో దాన్ని తల మీద పెట్టుకుని మోసే మనుషులు రెండు వరసలుగా నడిచేవారు. తల మీద లైటు అంటే మన దేశంలో అప్పటికే ఉంది. కాకపోతే తల ఒకడిది, కింద పడే వెలుగు ఇంకొకడిది. బుస్సుమని మండే ఆ దీపం కింద నడిచే మనిషి ముఖం నీడలోనే ఉండేది. మోసేవాడే చూసేవాడు కూడా అయిన తల దీపం వేడుకల్లో పుట్టలేదు, గనుల్లో పుట్టింది.

హంఫ్రీ డేవీ 1815లో గని కార్మికుల కోసం చేసిన రక్షణ దీపం చేతిలో పట్టుకునేదే. బొగ్గు తవ్వడానికి రెండు చేతులూ కావాలన్న సంగతి దీపాలు చేసేవాళ్ళకి ఆలస్యంగా తట్టింది. టోపీకి తగిలించుకునే కార్బైడు దీపాలు వచ్చాయి. ఆ తర్వాత 1914-15 ప్రాంతంలో ఎడిసన్ బ్యాటరీతో వెలిగే టోపీ లైటు తెచ్చాడు. బ్యాటరీ నడుముకి, లైటు తలకి, మధ్య తీగ. మన సింగరేణిలో తరాల తరబడి కార్మికులు షిఫ్టు మొదట్లో ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకుని, బెల్టుకి బ్యాటరీ కట్టుకుని గనిలోకి దిగింది ఈ పద్ధతిలోనే. కొత్తగూడెంలోనో, మందమర్రిలోనో పాత కార్మికుడి దగ్గరకి వెళ్ళి తల లైటు గొప్పతనం గురించి శాస్త్రం చెప్పబోతే ఆయన నవ్వి ఊరుకుంటాడు. తర్వాత ఫ్రాన్సులో గుహలు వెతుక్కుంటూ తిరిగే ఫెర్నాన్ పెట్జల్ అనే ఆయన పేరుతో ఉన్న కంపెనీ 1970ల్లో బ్యాటరీతో సహా మొత్తం తల మీదే ఉండే లైటు తయారు చేసింది. 2000లో అదే కంపెనీ ఎల్ఈడీతో టిక్కా అనే లైటు తెచ్చింది. ఎల్ఈడీ వెలుగు తెల్లగా రావాలంటే ముందు నీలం ఎల్ఈడీ కావాలి. దాన్ని సాధించిన అకసాకి, అమనో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఇవాళ అదే కంపెనీ బిందీ అనే లైటు 35 గ్రాములే. ఉసిరికాయంత లైటు జేబులోకి రావడం వెనక ఇంత మంది ఉన్నారు. దాన్ని జేబులో పెట్టుకోవడం వెనక మాత్రం ఇంట్లో ఒక్కరి సహకారమూ ఉండదు.

ఎందుకంటే ప్యాంటు ఉతుకుకి వెళ్తుంది. లైటు డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే ఎటునుంచి నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉండగలదు. వాషింగ్ మెషీన్‌లో సర్ఫు నీళ్ళతో గిరగిరా తిరిగే పరీక్షకి ఆ పట్టికలో అంకె లేదు. కానీ ఆ పరీక్ష ప్రతి శిరోదీపానికీ ఏదో ఒక సోమవారం జరుగుతుంది.

డబ్బా మీద ఉండే మిగతా అంకెల్ని కూడా కొంచెం అర్థం చేసుకోవాలి. ఇన్ని గంటలు వెలుగుతుందని రాసేటప్పుడు కంపెనీలు పాటించే అమెరికా ప్రమాణం ప్రకారం, వెలుగు మొదట్లో ఉన్నదానిలో పదో వంతుకి పడిపోయేదాకా ఉన్న కాలమంతా లెక్కలోకి వస్తుంది. ఇంత దూరం కొడుతుందనే అంకె కూడా అలాంటిదే. వెలుగు పున్నమి వెన్నెలంత పల్చబడే చోటుదాకా కొలిచి అది దూరం అంటారు. అంటే పున్నమినాడు ఆ చివర లైటు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇది అబద్ధం కాదు, ప్రమాణం. అసలు జేబు లైటుకి ఎక్కువ వెలుగు అక్కర్లేదు. తాళం కప్ప చిల్లు వెతకడానికీ, మందు సీసా మీద గడువు తేదీ చదవడానికీ దాని అతి చిన్న మెట్టు చాలు. పెద్ద మెట్టు బంధువులకి చూపించడానికి.

జేబులో ఉండగా తాళంచెవి ఒత్తుకుని దానంతటది వెలగడం అనే ఉపద్రవం ఒకటుంది. అందుకే మంచి లైట్లకి మీట బిగించే ఏర్పాటు ఉంటుంది. కాసేపు నొక్కి పట్టుకుంటే లైటు నిద్రపోతుంది, మళ్ళీ అలాగే చేస్తే లేస్తుంది. ఈ ఏర్పాటు సంగతి తెలియనివాడు బస్సులో కూర్చుంటే తొడ దగ్గర ఎర్రగా ప్రకాశిస్తూ ఉంటాడు. పక్కవాడు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ తన స్టాపు దాటిపోతాడు.

వెలుగు కంటి పక్కనే ఉండటం వల్ల కలిగే ఫలితాలు రెండు, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. రాత్రి తిరిగే చాలా జంతువుల కళ్ళ వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. అది వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. లైటు మన కంటి పక్కనే ఉంటే ఆ తిరిగి వచ్చిన వెలుగు నేరుగా మన కంటికే వస్తుంది. అందుకే నడుము దగ్గర పట్టుకున్న టార్చికి కనిపించని పిల్లి కళ్ళూ, రోడ్డు మధ్య పడుకున్న గేదె కళ్ళూ తల లైటుకి దూరం నుంచే మెరుస్తాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్ళకి ఈ శాస్త్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. గట్టు మీద నుంచి లైటు వేస్తే నీళ్ళలో ఎర్రటి చుక్కలు చుక్కలుగా రొయ్యల కళ్ళు కనిపిస్తాయి. ఒక చేత్తో చెక్ ట్రే తాడు లాగుతూ, ఇంకో చేత్తో మేత మిగిలిందో లేదో తడిమి చూసే మనిషికి మూడో చెయ్యి లేదు. లైటు తల మీద ఉండక తప్పదు. అలాగే రాత్రి కరెంటు రోజుల్లో స్టార్టర్ నొక్కడానికి చేలగట్ల మీద నడిచిన రైతులు. ఒక్క హెచ్చరిక: పాము కళ్ళకి ఆ పొర లేదు, మెరవవు. పాము విషయంలో మెరుపు కోసం చూడకూడదు, కాళ్ళ ముందు నేల చూసి నడవాలి.

చెడ్డ ఫలితం ఏమిటంటే నీడలు మాయమవుతాయి. వెలుగూ చూపూ ఒకే చోటునుంచి బయల్దేరితే, నీడ వస్తువు వెనకే దాక్కుంటుంది. గుంత, గుట్ట, సమతలం ఒకేలా కనిపిస్తాయి. మన మున్సిపాలిటీ రోడ్ల మీద ఇది ప్రాణాంతకం. అందుచేత రోడ్డు మీద నడిచేటప్పుడు లైటు తీసి నడుము దగ్గర పట్టుకోవాలని శాస్త్రం. అలా పట్టుకుంటే మళ్ళీ ఒక చెయ్యి పోయిందే, ఇంతోటి దానికి తల లైటు ఎందుకని శిష్యుడు అడుగుతాడు. మంచి ప్రశ్న. బెల్టుకి తగిలించుకో నాయనా.

మర్యాద ప్రకరణం చిన్నది. తల లైటు పెట్టుకున్నవాడు ఎవరితో మాట్లాడితే వాళ్ళ కళ్ళలోనే కొడతాడు. చీకటికి అలవాటు పడ్డ కన్ను ఆ ఒక్క దెబ్బకి అలవాటు తప్పుతుంది. మళ్ళీ పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు కావాలి. ఎర్రలైటు ఉన్నది ఇందుకే, దాని వల్ల ఆ అలవాటు అంతగా చెడదు. తొలకరిలో ఉసిళ్ళు కూడా తెల్లలైటుకి వచ్చినట్టు ఎర్రలైటుకి రావు. తెల్లలైటు పెట్టుకుని నోరు తెరిచి మాట్లాడినవాడికి ఈ వాక్యం ఇంకా బాగా అర్థమవుతుంది. ఎర్రలైటు లేనివాడు గడ్డం ఛాతీకి ఆనించి, ఎదుటివాడి పాదాల వైపు చూస్తూ మాట్లాడాలి. ఎంతటి అహంభావికైనా కొత్తల్లుడి వినయం వచ్చి తీరుతుంది.

చివరగా, అపవాదం లేని సూత్రం ఒకటి. లైటు ఎవడిదో పని వాడిది.

జేబులో లైటు ఉందని ఒక్కసారి తెలిస్తే చాలు, మనిషికి కొత్త ఉద్యోగం వచ్చినట్టే. స్కూటర్ తాళం కాలవలో పడితే అతన్నే పిలుస్తారు. అపార్టుమెంటు మీటర్ల గదిలో కాలిన వాసన వస్తే వాచ్‌మన్ కంటే ముందు అతని తలుపు కొడతారు. ఎలక్ట్రీషియన్ వచ్చినా "సార్, మీరు కాస్త ఇక్కడ నిలబడండి" అని సార్‌నే గోడకి ఆనించి నిలబెడతాడు. శాస్త్రానికి సంబంధించిన చివరి ఉదాహరణ కల్యాణ మండపంలో దొరుకుతుంది. రెండో బంతి వడ్డిస్తుండగా కరెంటు పోతుంది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు, తేవడానికి మనిషి వెళ్ళాడు. పెళ్ళికొడుకు మేనమామ విస్తళ్ళ మధ్యనుంచి వచ్చి చెవిలో అంటాడు.

"బావగారూ, మీ జేబులో ఏదో తల లైటు ఉంటుందటగా?"

బావగారు ఉత్సాహంగా తీసి పెట్టుకుంటారు. ఆయన్ని రెండు వరసల మధ్య నిలబెడతారు. "కాస్త ఇటు తిప్పండి, పప్పు ఎక్కడ పడుతోందో తెలియట్లేదు." తిప్పుతారు. "అటు కాదండీ, పులుసు వైపు!" అటు తిప్పుతారు. ఆయన విస్తరి తన వరసలో చీకట్లో ఉంది, గారె చల్లారిపోతోంది. చేతులు ఖాళీగా కనిపించి ఎవరో నెయ్యి గిన్నె కూడా అందిస్తారు. ఇంతలో వెనకనుంచి వంటవాళ్ళ కుర్రాడు పరిగెత్తుకొస్తాడు.

"అయ్యగారూ, ఈ బంతి అవగానే గిన్నెలు తోమే దగ్గరకి రమ్మంటున్నారండి, అక్కడ ఏమీ కనపడట్లేదంట."